ఫోర్త్ రోడ్ వంతెన: వయసు మీద పడింది రైలు వంతెనకు, జబ్బు చేసింది వేలాడే వంతెనకు

మీరు అడిగింది ఇది: ఎడిన్‌బరాలో ఉంటున్న మీ అబ్బాయి దగ్గరికి ఈ వేసవిలో వెళ్తున్నారు. అక్కడ ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట పక్కపక్కనే మూడు వంతెనలున్నాయి. 1890లో కట్టిన ఎర్రని రైలు వంతెన మీద నేటికీ రైళ్లు తిరుగుతుంటే, 1964లో కట్టిన వేలాడే వంతెన మీద కార్లను, లారీలను ఎందుకు ఆపేశారు? లోపల తీగలు తుప్పు పట్టాయంటున్నారు, అది కూలిపోతుందా? దాని మీద నడవవచ్చా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నడవవచ్చు, నిశ్చింతగా నడవవచ్చు. ఇప్పుడు ఆ వంతెన మీద ప్రధానంగా బస్సులు, టాక్సీలు, సైకిళ్లు, నడిచేవాళ్లే వెళ్తారు. ఒకప్పుడు అది మోసిన రద్దీతో పోలిస్తే ఈ రోజు దాని మీద పడుతున్నది స్వల్పం.

నా సంగతి రెండు ముక్కల్లో. ఇరవై ఎనిమిదేళ్లు వంతెనల తనిఖీ పనిలో ఉన్నాను. మొదట మన దేశంలో ఉక్కు వంతెనలు, తర్వాత బ్రిటన్‌లో. ఫోర్త్ వంతెన మీద నేను ఉద్యోగం చేయలేదు. చూడటానికి మాత్రం నాలుగుసార్లు వెళ్లాను. మా ఆవిడ దాన్ని నా తీర్థయాత్ర అంటుంది.

పాతది ముందు పాడవాలి, కొత్తది తర్వాత పాడవాలి అన్న లెక్క మీ ప్రశ్నలో ఉంది. వంతెనల విషయంలో ఈ లెక్క తరచుగా తప్పుతుంది. నేనైతే వంతెన పుట్టిన సంవత్సరం కంటే ముందు రెండు సంగతులు అడుగుతాను. బరువు మోసే భాగాన్ని కంటితో చూడగలమా? అది పాడైతే తీసి ఇంకొకటి పెట్టగలమా? రైలు వంతెనకు రెండింటికీ అవుననే జవాబు. వేలాడే వంతెన ప్రాణమంతా ఎక్కడుందో, అక్కడ రెండింటికీ కాదనే జవాబు.

రైలు వంతెన అంత బలిష్ఠంగా ఉండటానికి ఒక ప్రమాదం కారణం. 1879 డిసెంబరు 28 రాత్రి, స్కాట్లండ్‌లోనే ఇంకొంచెం ఉత్తరాన, టే నది మీది వంతెన తుపాను గాలికి రైలుతో సహా నీళ్లలో పడిపోయింది. దాన్ని రూపొందించిన థామస్ బౌచ్ అప్పటికే ఫోర్త్ మీద కూడా ఒక వంతెనకు పని మొదలుపెట్టి ఉన్నాడు. అదీ రైళ్ల కోసం, అదీ వేలాడే వంతెన! టే ప్రమాదంతో ఆ పని ఆగిపోయింది. తర్వాత జాన్ ఫౌలర్, బెంజమిన్ బేకర్ ఇంకెవరూ వేలెత్తి చూపడానికి వీల్లేనంత గట్టిగా, యాభై వేల టన్నులకు పైగా ఉక్కు పోసి, ఇప్పుడు మీరు చూడబోయే వంతెన కట్టారు. 1890 మార్చి 4న ప్రారంభమైంది. అందులో దాదాపు ప్రతి ఉక్కు ముక్కా బయటికి కనిపిస్తుంది. మనిషి దాని దగ్గరికి వెళ్లి గీకి చూడవచ్చు, రంగు వేయవచ్చు, అవసరమైతే మార్చవచ్చు. 2015లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది.

రోడ్డు మీద వెళ్లేవాళ్లకు మాత్రం 1964 దాకా పడవే దిక్కు. పదకొండో శతాబ్దంలో మార్గరెట్ రాణి యాత్రికుల కోసం ఏర్పాటు చేసిన రేవు అది. క్వీన్స్‌ఫెర్రీ అన్న ఊరి పేరు అలా వచ్చిందే. వంతెన పని 1958లో మొదలైంది. 1964 సెప్టెంబరు 4న రెండో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. ఆ ఉదయం పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, ప్రారంభిస్తున్న వంతెనే కనిపించలేదు. టవర్ల మధ్య దూరం 1006 మీటర్లు, అటూ ఇటూ 408 మీటర్ల చొప్పున రెండు పక్క భాగాలు. ఆ రోజుకు అమెరికా బయట అంత పొడవైన వేలాడే వంతెన లేదు. నిర్మాణంలో ఏడుగురు చనిపోయారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వేలాడే వంతెనను ఇంట్లో బట్టలారేసే దండెంలా ఊహించుకోండి. రెండు గుంజల మీదుగా తాడు పోతుంది. తాడు రెండు కొసలనూ దూరంగా నేలలో దిగ్గొట్టిన మేకులకు బిగించి కట్టారు. గుంజలే టవర్లు, మేకులే రాతిలో తొలిచిన సొరంగాల్లోని యాంకరేజీలు, ఆరేసిన బట్టలే రోడ్డు. తాడు ప్రధాన కేబుల్. మేకు ఊడకుండా, గుంజ వంగకుండా ఉన్నా, తాడు తెగితే చీరలన్నీ మట్టిపాలే. ఫోర్త్ వంతెనకు ఇలాంటి తాళ్లు రెండే రెండు, అటొకటి ఇటొకటి.

ఒక్కో కేబుల్ మందం దాదాపు 590 మిల్లీమీటర్లు, అంటే రెండు చేతులా కౌగిలించుకుంటే సరిపోయే చెట్టు బోదె అంత. దూరం నుంచి చూస్తే ఒకే గొట్టంలా కనిపిస్తుంది కానీ, లోపల ఉన్నవి పెన్సిల్ కంటే సన్నని తీగలు. ఒక్కోటి 5 మిల్లీమీటర్ల మందం, జింకు పూత పూసిన గట్టి ఉక్కు. ఒక కేబుల్‌లో 11,618 తీగలు. 314 తీగలను ఒక పాయగా కట్టి, అలాంటివి 37 పాయలను కలిపి గుండ్రంగా నొక్కారు. వీటిని ఫ్యాక్టరీలో పేని తేలేదు. నది మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు చక్రాలు తిప్పుతూ, గాలిలోనే ఒక్కో తీగా పరిచారు. రెండు కేబుళ్లలోని తీగలన్నీ ఒకే వరసలో పెడితే భూమి చుట్టూ ఒక చుట్టు చుట్టినా ఇంకా మిగులుతాయి.

గుండ్రని తీగలను ఎంత నొక్కినా వాటి మధ్య సందులు పోవు. కావాలంటే లెక్క వేసుకోండి: 5 మిల్లీమీటర్ల తీగలు 11,618 కలిపితే వచ్చే వైశాల్యం, 590 మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యంలో ఆరింట ఐదు వంతులకు అటూ ఇటూ. అంటే కేబుల్‌లో ఇంచుమించు ఆరో వంతు ఖాళీయే. ఆ ఖాళీలో ఉండేది గాలి, గాలిలో తేమ. పైన ఎర్ర సీసం ముద్ద పూసి, మెత్తని తీగను దారపు ఉండలా చుట్టి, దాని మీద రంగు వేశారు. ఆ రోజుల్లో ఎక్కడైనా ఇదే పద్ధతి, వాళ్లను తప్పు పట్టడానికి లేదు. అయితే రంగు ఎండకు, చలికి పగులుతుంది. సన్నని పగులులోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. దిగిన నీరు బయటికి రాదు, ఎందుకంటే అదే రంగు దాన్ని లోపల మూసిపెడుతుంది. తడి గుడ్డలు పెట్టి మూత బిగించిన ట్రంకుపెట్టె ఎలా ఉంటుందో కేబుల్ లోపల అలా ఉంటుంది.

ఇలాంటి కేబుల్ ఒకదాన్ని తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఏ వంతెనో చెప్పను, ఫోర్త్ మాత్రం కాదు. కొత్తగా రంగు వేసి పెళ్లికూతురులా ఉంది. పై చుట్టు విప్పాక, సుత్తితో చీలికలు దిగ్గొట్టి తీగలను ఎడం చేస్తారు. కేబుల్ చుట్టూ ఎనిమిది చోట్ల, కేంద్రం దాకా పళ్లెంలో గారెను చీల్చినట్టు చీలుస్తారు. పైభాగంలో తీగలు వెండిలా మెరుస్తున్నాయి. పక్కలకు వచ్చేసరికి తెల్లని పొడి కనిపించింది. జింకు పూతకు తుప్పు తగిలిందన్న గుర్తు అది. అడుగున చీలిక దిగగానే టీ రంగు నీళ్లు నా చేతి తొడుగు మీద పడ్డాయి. వాన పడి పది రోజులైంది. మా దగ్గర పనిచేస్తున్న కుర్రాడు ఒక తీగను వేలితో నొక్కితే అది పక్కకు జరిగింది. బిగుతుగా ఉండాల్సిన తీగ జరిగిందంటే ఎక్కడో తెగిందన్నమాట. కేబుల్ దగ్గర ఎవరమూ కాసేపు మాట్లాడలేదు.

తీగలను మేము నాలుగు దశలుగా విడదీసి రాస్తాం. మెరిసేది మొదటిది. తెల్లని పొడి పట్టింది రెండోది. ఎర్ర తుప్పు చుక్కలు కనబడితే మూడోది. తుప్పు పది వంతుల్లో మూడు వంతులు దాటితే నాలుగోది. కొన్ని తీగలను కోసి ప్రయోగశాలకు పంపి, ఎంత లాగితే తెగుతాయో చూస్తారు. కోసిన చోట కొత్త తీగ ముక్కను అతికిస్తారు.

ఫోర్త్ వంతెనలో ఈ పని మొదటిసారి 2004, 2005 సంవత్సరాల్లో జరిగింది. అమెరికాలో పాత వేలాడే వంతెనల కేబుళ్లు తెరిచి చూసి, అక్కడివాళ్లు కొత్త మార్గదర్శకాలు రాశారు. వాటిని చదివి, ఫోర్త్ వంతెనను చూసుకునేవాళ్లు మనదీ ఒకసారి చూద్దామని అనుకున్నారు. నలభై ఏళ్ల వంతెన, పెద్దగా ఏమీ ఉండదులే అన్న ధీమాతో తెరిచారు. తెగిన తీగలు కనిపించాయి. కేబుళ్ల బలం 8 నుంచి 10 శాతం దాకా తగ్గిందని తేలింది. తుప్పు అదే వేగంతో సాగితే 2013-14కల్లా భారీ లారీలను ఆపాల్సి రావచ్చని, తర్వాత ఐదారేళ్లలో వంతెనను మొత్తంగా మూయాల్సి రావచ్చని అంచనా వేశారు.

పది శాతానికే ఇంత కంగారా అని మీకు అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. ఇంత పొడవైన వంతెనలో కేబుల్ మోసే బరువులో అధిక భాగం వంతెన సొంత బరువే. రోడ్డును పూర్తిగా ఖాళీ చేసినా కేబుల్‌కు దక్కే ఉపశమనం తక్కువ. కాబట్టి తగ్గుతున్న బలాన్ని వాహనాలు తగ్గించి సరిచేయడానికి ఓ హద్దు ఉంది. రెండోది, అటు నుంచి వాహనాల బరువు పెరుగుతూనే వచ్చింది. వంతెన గీసిన రోజుల్లో బ్రిటన్‌లో అతి పెద్ద లారీ బరువు 24 టన్నులు. 2001 నాటికి 44 టన్నులకు అనుమతి వచ్చింది. మొదట్లో ఏడాదికి నలభై లక్షల వాహనాలు దాటితే, తర్వాతి రోజుల్లో అది రెండు కోట్లు మించింది. పైనుంచి భారం పెరుగుతోంది, కింద నుంచి బలం తరుగుతోంది. ఈ రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయన్నదే ఆ అంచనా.

ఒక తీగ తెగితే గొలుసులో లింకు తెగినట్టు కాదు, ఇది కూడా చెప్పాలి. కేబుల్ పొడవునా కొంత దూరానికొకటి ఉక్కు పట్టీలు బిగించి ఉంటాయి. ఇక్కడ తెగిన తీగ తన వంతు బరువును పక్క తీగలకు ఇచ్చి, రెండు మూడు పట్టీలు దాటాక వాటి ఒత్తిడి వల్ల మళ్లీ పనిలో పడుతుంది. కాబట్టి "తీగలు తెగాయి" అన్న పతాక శీర్షిక చూసి వంతెన రేపే పడిపోతుందనుకోనక్కర్లేదు. మోర్బీ గుర్తొచ్చి భయపడుతున్నారేమో. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లో ఆ చిన్న వేలాడే వంతెన పడి 135 మంది పోయారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, తెగిన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు తిన్నాయి. వంతెన తిరిగి తెరిచే ముందు ఆ కేబుల్‌ను విప్పి చూసినవారు లేరు. ఫోర్త్‌లో విప్పి చూశారు. రెండింటికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

చూశాక ఏం చేశారు? కేబుళ్లను మార్చడమో, పక్కన అదనపు కేబుల్ వేయడమో పరిశీలించారు. ఏదైనా ఏళ్ల తరబడి రాకపోకలకు అంతరాయమే. ఈలోగా ఇంకో వైద్యం మొదలుపెట్టారు. జపాన్‌లో 1998లో ప్రారంభమైన అకాషి కైక్యో వంతెనకు పుట్టుకతోనే ఇచ్చిన మందు అది, ఫోర్త్‌కు నడివయసులో ఇచ్చారు. కేబుల్ మొత్తానికి రబ్బరు లాంటి పట్టీని గాలి చొరబడకుండా చుట్టి, ఒక వైపు నుంచి బాగా ఆరబెట్టిన గాలిని లోపలికి పంపుతారు. అది తీగల సందుల్లోంచి పాకుతూ తేమను మోసుకుని ఇంకో వైపు బయటికొస్తుంది. గాలిలో తేమ 40 శాతం కంటే తక్కువగా ఉంటే ఉక్కుకు తుప్పు దాదాపు పట్టదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మన పెద్దవాళ్లకు ఈ సూత్రం విడమరచి చెప్పక్కర్లేదు. దాంతోపాటు కేబుల్ పొడవునా శబ్దం పట్టే పరికరాలు అమర్చారు. లోపల ఏ తీగ తెగినా ఆ చప్పుడు విని, ఎక్కడ తెగిందో చెప్పేస్తాయి.

మందు పనిచేసింది. 2008లో, 2012లో మళ్లీ తెరిచి చూస్తే, భయపడినంతగా బలం తగ్గలేదు. పోయిన బలం తిరిగి రాదు, కానీ తరుగుదలకు కళ్లెం పడింది.

అయితే పక్కన కొత్తగా కట్టిన మూడో వంతెన దండగేనా? అక్కడా కొందరు ఈ మాటే అన్నారు. నేను ఒప్పుకోను. కొత్తది కట్టాలని నిర్ణయించిన 2007 చివరికి ఈ మందు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. పనిచేయలేదని పదేళ్ల తర్వాత తెలిస్తే, అప్పుడు వంతెన కట్టడానికి టైము ఉండదు. పైగా, కేబుళ్ల గురించి అందరూ దిగులుపడుతున్న కాలంలో వంతెనను నిజంగా మూయించింది కేబుల్ కాదు.

2015 డిసెంబరు మొదటి రోజుల్లో, ఈశాన్య టవర్ దగ్గర రోడ్డు కింద ఒక ఉక్కు భాగంలో పగులు కనిపించింది. మూడో తేదీ అర్ధరాత్రి వంతెన మూసేశారు. రోజుకు డెబ్బై వేల దాకా వాహనాలు దాటే చోటు, క్రిస్మస్ ముందు రోజులు. స్టర్లింగ్ వైపు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చిన జనం ఏమన్నారో నేను ఇక్కడ రాయలేను.

ఆ భాగం ఏమిటో అర్థం కావాలంటే పాత ఇంటి ఉయ్యాల బల్లను తలచుకోండి. పైన దూలానికి కొక్కేలు, వాటి నుంచి ఇత్తడి కడ్డీలు, కింద బల్ల. ఊగినప్పుడల్లా కొక్కెం దగ్గర కడ్డీ తిరుగుతుంది, కిర్రుమంటుంది. నూనె వేయక అక్కడ బిగుసుకుపోయిందనుకోండి. బల్ల ఊగడం మానదు. తిరగాల్సిన చోట తిరగలేక కడ్డీ వంగుతుంది. రోజుకు వంద సార్లు అటూ ఇటూ వంగిన కడ్డీ ఒక నాటికి చిట్లుతుంది. ఫోర్త్‌లో అచ్చం ఇదే. టవర్ దగ్గర రోడ్డు తాలూకు ఉక్కు చట్రాన్ని టవర్‌కు వేలాడదీసే లింకు ఉంది. ఎండకు సాగి, చలికి ముడుచుకుని, లారీ వెళ్లినప్పుడల్లా రోడ్డు కదులుతుంటే, ఆ లింకు ఒక పిన్ను చుట్టూ తిరగాలి. పిన్ను బిగుసుకుపోయింది. లింకు వంగడం మొదలుపెట్టి, అలసి, పగిలింది. కేబుల్‌తో పోలిస్తే అణా విలువ చేయని ముక్క. డిసెంబరు 23న కార్లకు తెరిచారు, భారీ లారీలకు 2016 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. అదే రకం భాగాలను అంతకు ముందే మార్చాలన్న ఆలోచన ఉండి, డబ్బుకు వెనుకాడి వాయిదా పడింది. అయినా ఈ ఫలానా పగులును ముందుగా ఊహించడం కుదిరేది కాదని స్కాట్లండ్ పార్లమెంటు కమిటీ తేల్చింది. కమిటీ మాటను కాదనను. అయితే మా వృత్తిలో కిర్రుమనడం ఆగిపోయిన కీలు కిర్రుమనే కీలు కంటే భయపెడుతుంది.

మూడోది, క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్, 2017 ఆగస్టు 30న వాహనాలకు తెరుచుకుంది. కార్లు, లారీలు పాతదాన్ని వదిలి దీని మీదికి మారాయి. సెప్టెంబరు 4న, పాతదాన్ని ప్రారంభించిన సరిగ్గా 53 ఏళ్లకు, అదే రాణి దీన్నీ లాంఛనంగా ప్రారంభించారు. ఇది వేలాడే వంతెన కాదు. హైదరాబాద్‌లో దుర్గం చెరువు మీద మీరు చూసిన తీగల వంతెన కోవలోది. టవర్ నుంచి విసనకర్ర పుల్లల్లా తీగలు నేరుగా రోడ్డుకు దిగుతాయి. ఒక తీగ పాడైతే దాన్నొక్కదాన్నీ తీసి కొత్తది వేయవచ్చు, మిగతావి ఈలోగా బరువు పంచుకుంటాయి. పాతదాని అతి పెద్ద బలహీనతకు ఇది సూటి జవాబు. అలాగని కొత్తదానికి చిక్కులు లేవనుకోకండి. 2020 ఫిబ్రవరిలో తీగల మీద పేరుకున్న మంచు గడ్డలు కార్ల మీద పడుతుంటే దాన్ని మూసి, జనాన్ని మళ్లీ చుట్టూ తిప్పారు.

మీ ప్రయాణానికి నా సలహా. ఎడిన్‌బరాలో రైలెక్కి, ఎర్ర వంతెన మీదుగా నార్త్ క్వీన్స్‌ఫెర్రీలో దిగండి. తిరుగు దారిలో వేలాడే వంతెన మీద నడిచి సౌత్ క్వీన్స్‌ఫెర్రీకి రండి. రెండున్నర కిలోమీటర్లు, మెల్లగా నడిచినా గంటలో అయిపోతుంది. గాలి ఎక్కువైతే నడకదారి మూస్తారు కాబట్టి బయలుదేరే ముందు మీ అబ్బాయిని ఫోనులో చూడమనండి. మధ్యకు వచ్చేసరికి కేబుల్ తల ఎత్తు దగ్గరికి దిగి వస్తుంది. అక్కడ ఆగి, పక్కనుంచి బస్సు వెళ్లేటప్పుడు రెయిలింగు మీద చేయి వేసి చూడండి. కాలి కింద రోడ్డు మెత్తగా లేచి దిగుతుంది. భయపడకండి, వేలాడే వంతెన కదలాలి. టవర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇనుప అతుకులు కనిపిస్తాయి. ఆ పగిలిన లింకు వాటికి కింద, చూపు అందని చోట ఉండేది. జూలై అయినా స్వెటర్ మరచిపోకండి, నది మీద గాలి కోసేస్తుంది.